బుల్ రన్‌లో గైడ్‌తో బ్లూబెల్ వాక్: బురదే గానీ వెళ్ళొచ్చు

నార్తర్న్ వర్జీనియాలో ఏప్రిల్ వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న, అమ్మావాళ్ళు ఇండియా నుంచి వచ్చారు, చెర్రీ బ్లాసమ్స్ చూపించేశాం, ఇంకేం చూపించాలి అని. జవాబులు కూడా ప్రతి ఏడూ అవే: లూరే కావెర్న్స్, లాన్హమ్ గుడి, డల్లెస్ పక్కన విమానాల మ్యూజియం, లీస్‌బర్గ్ అవుట్‌లెట్స్. వాటిలో తప్పేం లేదు, మేమూ అన్నీ తిప్పాం. కాకపోతే మా నాన్నకి ఏ బిల్డింగ్ చూపించినా అరగంటకి కూర్చోడానికి బెంచీ వెతుక్కుంటారు, అలాంటి మనిషి సెంటర్‌విల్‌లో అడవిలోకి తీసుకెళ్తే రెండున్నర గంటలు నిలబడి, వంగి, ఒక్కో మొక్కనీ పలకరిస్తూ నడిచారు. అందుకే రాస్తున్నా. ఇది బుల్ రన్ రీజినల్ పార్కులో వర్జీనియా బ్లూబెల్స్ అనే నీలం పూలు, ఇంకా ఆ సీజన్‌లో పూసే అడవి పూలన్నీ చూపించే గైడెడ్ వాక్ గురించి. నిర్వహించిన గ్రూపు పేరు రాయట్లేదు, ఎందుకంటే తిట్టేవి కొన్ని ఉన్నాయి, వాళ్ళు పాపం మంచివాళ్ళే.

పార్కు మీ అందరికీ తెలిసిందే, పేరు గుర్తుకు రాదంతే. డిసెంబర్‌లో కార్లో కూర్చునే లైట్ల షో చూసి వస్తాం కదా, అదే పార్కు. ఎండాకాలం పిల్లల్ని వాటర్ పార్కుకి తీసుకెళ్ళేదీ అక్కడికే. ఆ లైట్ల రోడ్డు వెనకాల బుల్ రన్ వాగు, కబ్ రన్ అని ఇంకో చిన్న వాగు కలిసే చోట పల్లపు నేల ఉంటుంది, వాగు పొంగినప్పుడల్లా నీళ్ళు ఎక్కి ఒండ్రు వేసి పోతాయి, ఆ ఒండ్రు నేలలోనే ఈ బ్లూబెల్స్. ట్రైల్ చుట్టి వస్తే ఒకటిన్నర మైలు ఉంటుంది, ఎత్తుపల్లాలు దాదాపు లేవు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ కూడా నడిచేసింది. ఫెయిర్‌ఫాక్స్, లౌడన్, ఆర్లింగ్టన్ కౌంటీల వాళ్ళకి పార్కు ఎంట్రీ ఫ్రీ, ప్రిన్స్ విలియం నుంచి వచ్చేవాళ్ళు గేటు దగ్గర కట్టాలి (గెయిన్స్‌విల్, హేమార్కెట్ వాళ్ళు ఏడవకండి, పెద్ద మొత్తం కాదు). గైడ్ వాక్‌కి విడిగా తీసుకున్నది మనిషికి ఒక సినిమా టికెట్ అంత కూడా లేదు.

ముందు తిట్టేవి తిట్టేస్తా, తర్వాత ప్రశాంతంగా పూల గురించి చెప్పుకోవచ్చు.

బుకింగ్ తలనొప్పి. రిజిస్ట్రేషన్ ఎప్పుడు తెరుస్తారో చెప్పరు, తెరిచిన రోజే నిండిపోతుంది, వెయిట్‌లిస్ట్‌లో పెట్టి ముందు రోజు సాయంత్రం మెయిల్ పంపిస్తారు, ఆ మెయిల్‌లో "పార్కింగ్ దగ్గర కలుద్దాం" అని ఉంటుంది, ఆ పార్కులో పార్కింగ్‌లు ఎన్నున్నాయో వాళ్ళకి తెలియదా ఏంటి. మేం ఒక చోట, ఇంకో రెండు ఫ్యామిలీలు ఇంకో చోట నిలబడి ఫోన్లు, చివరికి అందరం చేరేసరికి వాక్ మొదలవ్వాల్సిన టైమ్ దాటిపోయింది. పదిహేను మందే అని రాశారు, లెక్క చూస్తే పాతిక దాకా ఉన్నాం. ట్రైల్ సన్నగా ఉంటుంది, ఒకరి వెనక ఒకరు నడవాలి, మైకు లేదు, కాబట్టి వెనకున్నవాళ్ళకి గైడ్ మాట ఒక్క ముక్క వినపడదు. వెనకాల ఇంకో వాలంటీర్ కుర్రాడిని పెట్టారు గానీ ఏం అడిగినా "ముందు ఆవిడ చెప్తారు" అనడమే. కాబట్టి వెళ్తే సిగ్గుపడకుండా గైడ్ పక్కనే నడవండి, ముందు వరసలో ఉంటేనే కట్టిన డబ్బులకి న్యాయం. మేం మొదటి మలుపు తర్వాత అదే చేశాం, మా నాన్న పెద్దాయన కాబట్టి అందరూ దారి ఇచ్చారు, ఆయన వెనకాలే నేను.

ఇక పూలు. ట్రైల్ మొదట్లో నాలుగడుగులు మామూలు అడవే, ఇంతేనా అనిపిస్తుంది, వాగు దగ్గరికి దిగగానే రెండు పక్కలా కనుచూపు మేర నీలం. ఫోటోల్లో చూసినప్పుడు ఫిల్టర్ పెట్టారనుకున్నా, లేదు, నిజంగానే అలా ఉంది. మోకాలి ఎత్తు మొక్కలు, లేత ఆకుపచ్చ మెత్తటి ఆకులు, కొమ్మ చివర వంగి వేలాడే పూల గుత్తులు. గైడ్ ఒక గుత్తిని వేళ్ళ మధ్య పట్టుకుని చూపించారు: చివర్లో ఉన్న మొగ్గలు గులాబీ రంగు, కొంచెం విచ్చినవి వంగపండు రంగు, పూర్తిగా విచ్చినవి నీలం, ఒకే గుత్తిలో మూడూ. పువ్వు పెద్దయ్యే కొద్దీ లోపలి రసంలో పులుపు తగ్గుతుందట, అదే రంగు పదార్థం గులాబీ నుంచి నీలానికి మారిపోతుందట. అప్పటికే నేను ఆ నీలాన్ని ఫోన్లో తెగ తీసేశా, ఆ మొగ్గలు ఒక్క ఫోటోలో కూడా ఫోకస్‌లో లేవు, మళ్ళీ తీసుకున్నా.

ఇంత నీలం ఏప్రిల్‌లోనే ఎందుకు అంటే, ఇక్కడి చెట్లు చలికాలానికి ముందే ఆకులన్నీ రాల్చేస్తాయి, మళ్ళీ చిగురించి నీడ పూర్తిగా కమ్మేది మే నెలలో. మధ్యలో మార్చి చివర్నుంచి ఆ కొన్ని వారాలు ఎండ తిన్నగా నేల మీద పడుతుంది. నేల మీది మొక్కలకి ఏడాది మొత్తానికి దొరికే ఎండ అదే, ఆ టైమ్‌లోనే మొలకెత్తాలి, ఆకు వేయాలి, పూయాలి, గింజ కట్టాలి, వచ్చే ఏడాదికి తిండి వేళ్ళలోనో దుంపలోనో దాచుకోవాలి. వేసవి సగానికి వచ్చేసరికి బ్లూబెల్ ఆకు కూడా కనపడదు, ఇక్కడ ఏం లేదనుకుని మీరు దాని మీద నడిచి వెళ్ళిపోతారు. ఇది గైడ్ చెప్పగానే నాన్న తల పైకెత్తి చెట్లకేసి చూసి "అయితే వీటికి ఎండే తొలకరి" అన్నారు. ఆలోచిస్తే కరెక్టే. మన దగ్గర మోదుగ కూడా ఆకు రాల్చాకే పూస్తుంది, శివరాత్రి టైమ్‌లో నల్లమల ఘాట్‌లో వెళ్తుంటే ఎర్రగా కనిపిస్తుంది కదా, కానీ అది చెట్టు మీద వ్యవహారం. నేల మీద పూలు కావాలంటే మనకి వాన పడాల్సిందే, ఆరుద్ర పురుగులు వచ్చే టైమ్‌కి గానీ అడవి కందలు లేవవు, నాభి పువ్వు కంచెల మీద పాకాలంటే వానాకాలం ముదరాలి. ఇక్కడ నీళ్ళకి కొదవ లేదు, వెలుతురుకే కొరత.

మా గైడ్ రిటైర్ అయిన సైన్స్ టీచరట, డెబ్భై దాటి ఉంటారు, మెడలో చిన్న భూతద్దం వేలాడేసుకుని వచ్చారు. ఆవిడతో నడిస్తే వేగం ఉండదు, ఇది ముందే చెప్పాలి, ఎక్సర్‌సైజ్ అనుకుని వచ్చేవాళ్ళకి పిచ్చెక్కుతుంది. మొదటి పావు మైలుకే గంట పట్టింది. కానీ ఆ గంటలో నేను చూసింది నేను ఒక్కదాన్నే వస్తే జన్మలో చూడను. స్ప్రింగ్ బ్యూటీ అని ఒక పువ్వు, గోరంత ఉంటుంది, బ్లూబెల్స్ మధ్యలో గడ్డిలో ఎక్కడ పడితే అక్కడ, తెల్లగా. అందరం దాటేస్తున్నాం. ఆవిడ ఆపి భూతద్దం ఇచ్చారు. ఐదు తెల్ల రేకులు, ఒక్కో రేకు మీదా సన్నటి గులాబీ గీతలు మధ్యలోకి పోతూ, తేనె ఎక్కడుందో చెప్పే దారి అన్నమాట, పుప్పొడి కూడా గులాబీ రంగే. ఇంతలో ఒక చిన్న తేనెటీగ లాంటిది వచ్చి వాలింది, మామూలు తేనెటీగలో సగం ఉంటుందేమో, దాని వెనక కాళ్ళకి గులాబీ పిండి అంటుకుని ఉంది. అది ఆంద్రెనా అనే తేనెటీగల్లో ఒక రకం, గుంపుగా పట్టు పెట్టదు, ఒక్కొక్కటీ నేలలో బొరియ తవ్వుకుని ఉంటుంది, పిల్లల కోసం మోసుకెళ్ళే పుప్పొడి దాదాపు ఈ ఒక్క పువ్వుదేనట. మబ్బు పట్టినా, పొద్దు వాలినా ఈ పువ్వు ముడుచుకుపోతుంది కాబట్టి దాని పని కూడా ఎండ ఉన్నంతసేపే. మా అమ్మ అదంతా విని "పాపం, ఒకటే కొట్టు, అదీ నెల రోజులే" అంది.

కొంచెం ముందుకెళ్తే వాగు గట్టు మీద డచ్‌మన్స్ బ్రీచెస్, సీజన్ చివరికొచ్చేసింది కాబట్టి అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. సన్నటి కాడకి తెల్లటి పూలు వరసగా, దండెం మీద తలకిందులుగా ఆరేసిన చిన్నపిల్లల పైజామాల్లా. తేనె ఆ రెండు కొనల్లో లోపలికి ఉంటుంది, అందాలంటే పొడుగు నాలుక కావాలి, ఆ టైమ్‌లో అలాంటి నాలుకతో ఎగిరేవి ఎక్కువగా బంబుల్‌బీ (లావుపాటి నూగు తేనెటీగ) రాణులే, చలికాలం అంతా ఒంటరిగా నేలలో పడుకుని లేచి, ఇంకా పనివాళ్ళు పుట్టకముందు తిండికి తిరిగేవి. నాలుక అందని తేనెటీగలు బయట నుంచి కొరికి కన్నం పెట్టి తాగేస్తాయి, పువ్వుకి పనేమీ చేయకుండా. ఆ కన్నాలు ఒకటి రెండు పూల మీద చూపించారు కూడా. ఇక గింజల సంగతి, గింజకి ఒక పక్క కొవ్వు ముద్ద అంటుకుని ఉంటుంది, చీమలు దాని కోసం గింజని పుట్టలోకి లాక్కెళ్ళి, ముద్ద తిని గింజని చెత్తలో పడేస్తాయి, అక్కడ మొలుస్తుంది. ఈ అడవిలో చాలా పూలది ఇదే పద్ధతి. చీమ ఎంత దూరం మోస్తుంది, నాలుగు బారలు. అందుకే ఒకసారి దున్నేసిన భూమిలో అడవి మళ్ళీ పెరిగినా ఈ పూలు మాత్రం అంత తొందరగా రావు. ఈ ఒక్క ముక్క విన్నాక మా కాలనీ వెనక ఉన్న అడవిలో చెట్లున్నా నేల మీద ఏమీ ఎందుకు లేదో నాకు అర్థమైంది, అదంతా ఒకప్పుడు పొలాలే.

ట్రౌట్ లిల్లీలు అప్పటికే అయిపోయాయి, మచ్చల ఆకులు మిగిలాయి. ఒక్క ఆకే ఉన్న మొక్క పూయదు, పూసే వయసు రావడానికి ఏళ్ళు పడుతుందట.

ఇప్పుడు మా నాన్న ఘట్టం. ఆయన కొల్లిపర వైపు పసుపు, కంద వేసిన రైతు. గైడ్ ఒక మొక్క దగ్గర ఆగి దీని పేరు జాక్ ఇన్ ది పల్పిట్ అన్నారు, అప్పుడప్పుడే లేస్తోంది, ఆకుపచ్చ గొట్టం, దాని మీద వంగిన మూత, మూత లోపల ముదురు చారలు, గొట్టంలో ఒక కాడ నిలబడి ఉంది. ఆవిడ ఇంకా మొదలుపెట్టలేదు, నాన్న నా చెయ్యి పట్టుకుని "అమ్మాయ్, ఇది మన కంద కులమే, అడుగు ఆవిణ్ణి" అన్నారు. నేను అడిగా. ఆవిడ ఆశ్చర్యపోయి అవును అదే కుటుంబం, చేమ కూడా అదే అన్నారు. ఇక అక్కడి నుంచి నేను దుబాసీని. నాన్న తవ్వకుండా వదిలేసిన కంద తొలకరికి ఎలా పూస్తుందో, ఎంత కంపు కొడుతుందో, ఈగలు ఎలా ముసురుతాయో చెప్పడం, ఆవిడ మూత రెండు వేళ్ళతో పైకెత్తి ఇక్కడ ఈగల బదులు దోమల్లాంటి చిన్న పురుగులొస్తాయి అని చెప్పడం. లోపలికి జారిన పురుగు పైకి ఎక్కలేదు, మగ పువ్వుకి గొట్టం అడుగున చిన్న సందు ఉంటుంది, పుప్పొడి పూసుకుని అందులోంచి బయటపడుతుంది. అదే పురుగు ఆడ పువ్వులో పడితే అక్కడ సందు లేదు, పుప్పొడి రాల్చి అందులోనే చస్తుంది. ఆవిడ గొట్టం అడుగున గోరుతో చూపించిన ఆ సందు బియ్యపు గింజంత కూడా లేదు. ఇంకో విచిత్రం, ఒకే మొక్క దుంప చిన్నగా ఉన్నప్పుడు మగది, తిండి బాగా కూడితే ఆడదవుతుంది, కాయ కాసి నీరసపడితే మళ్ళీ మగది కావచ్చు. నాన్న దానికి పడీ పడీ నవ్వారు, అమ్మకి మాత్రం అందులో నవ్వడానికి ఏముందో అర్థం కాలేదు.

దురద కూడా సేమ్, కందలో చేమలో ఉండే సూదుల్లాంటి ఆ ఆక్సలేట్ స్ఫటికాలే ఇందులోనూ. మీరు తినేటప్పుడు మరి ఎలా అని గైడ్ అడిగితే అమ్మ చింతపండు పులుసులో ఉడకబెట్టడం, కందా బచ్చలి, చేతికి నూనె రాసుకుని కోయడం దాకా చెప్పేసింది, ఆవిడ ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ఈ మొక్కతో మాత్రం ఆ ప్రయోగం చేయొద్దని నవ్వుతూనే గట్టిగా చెప్పారు. వెనకాల లైన్ అంతా ఆగిపోయింది, ఎవరో విసుక్కున్నారు కూడా, సారీ అండీ, మా నాన్నకి అమెరికాలో తనకి తెలిసిన సబ్జెక్ట్ దొరకడం అదే మొదటిసారి.

సీతాఫలం చుట్టం కూడా ఒకటి ఉంది అక్కడ. పాపా అని సన్నటి చెట్లు, గుంపుగా పెరుగుతాయి, ఆకు రాకముందే కొమ్మకి ముదురు వక్కపొడి రంగు పూలు వేలాడతాయి, లోపల మూడు బయట మూడు రేకులు, మందంగా. వాసన చూడమంటే అందరూ చూశారు, కుళ్ళు వాసన కొంచెం, మరీ దుర్వాసన ఏం కాదు, ఈగల్ని పిలవడానికి. పండు సెప్టెంబర్‌లో వస్తుంది, అరటిపండూ మామిడిపండూ కలిపిన రుచి, లోపల గింజలు చూస్తే అచ్చం సీతాఫలం గింజలే, పెద్ద సైజులో. తెలుపు నలుపు చారల జీబ్రా స్వాలోటెయిల్ సీతాకోకచిలుక పురుగు ఈ ఆకు తప్ప ఇంకోటి తినదు. ఆ సీతాకోకచిలుక మాకు కనపడలేదు. ఒక ఆకతాయి పిల్లాడు మాత్రం వాక్ అయ్యేదాకా ప్రతి పువ్వునీ వాసన చూస్తూనే ఉన్నాడు.

మేయాపిల్ గొడుగులు ట్రైల్ పక్కన గుంపులు గుంపులుగా. ఒకే ఆకుంటే పువ్వు రాదు, రెండు ఆకులుంటే ఆ రెండు కాడల మధ్య చీలిక దగ్గర ఒకే ఒక్క మొగ్గ కిందకి వేలాడుతూ ఉంటుంది, వంగి చూడాలి. పండిన పండు తప్ప మొక్క అంతా విషమే. కానీ ఆ విషం నుంచే, దీనికి హిమాలయాల్లో ఉండే చుట్టం నుంచి కూడా, కీమోథెరపీలో వాడే ఎటోపోసైడ్ మందుకి ముడిసరుకు వస్తుంది. మా పెద్దమ్మకి ఆ మందు ఎక్కించారు, ఆ పేరు ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. గైడ్ ఆ పేరు చెప్పగానే అమ్మ ఏమీ అనలేదు గానీ ఆ మొక్కల్ని తొక్కకుండా జాగ్రత్తగా పక్కకి జరిగి నడిచింది.

నచ్చనిది ఇంకోటి, కలుపు మొక్కల మీద లెక్చర్. విషయం ముఖ్యమే, ఒప్పుకుంటా. లెస్సర్ సెలండైన్ అని పసుపు పువ్వు, యూరప్ నుంచి తోటల కోసం తెచ్చారు, వాగుల పక్కన చాపలా పరుచుకుని బ్లూబెల్స్‌కి చోటు లేకుండా చేస్తోంది, దుంప ముక్క మిగిలినా మళ్ళీ వస్తుంది. గార్లిక్ మస్టర్డ్ ఇంకో దరిద్రం. నాన్నకి వయ్యారిభామ, గుర్రపుడెక్క గుర్తొచ్చి రెండు నిమిషాల్లో మొత్తం అర్థమైపోయింది. మిగతా వాళ్ళకి పావుగంట చెప్పారు, నిలబెట్టి, ఎండలో. అలాగే ఈ వాగు పేరు మీదే 1861లో ఒకటి, 1862లో ఒకటి రెండు సివిల్ వార్ యుద్ధాలు జరిగాయి, యుద్ధభూమి మనాసస్ వైపు ఎగువన ఉంది. ఆ కథ కూడా ఒక రిటైర్డ్ పెద్దాయన గుంపులోంచి అందుకుని రెజిమెంట్ల నంబర్లతో సహా చెప్పడం మొదలుపెట్టారు, గైడ్ మొహమాటానికి ఆపలేదు. అక్కడ మాత్రం కొంచెం కఠినంగా ఉండాల్సింది.

బురద గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా, ఉంది, బాగా ఉంది, వాన పడ్డ రెండు మూడు రోజుల దాకా కొన్ని చోట్ల షూ మునుగుతుంది. తెల్ల స్నీకర్స్ వేసుకురావొద్దు. మా ఆయన వేసుకొచ్చారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, పెద్దవాళ్ళిద్దరూ హాయిగా నడుస్తుంటే ఈయన ప్రతి పది అడుగులకీ ఆగి పుల్లతో షూ గీక్కోవడం, అమ్మా జాగ్రత్త అని అరవడం. స్ట్రోలర్ అస్సలు కుదరదు, చంటిపిల్లల్ని క్యారియర్‌లో వేసుకోవాలి. ఐదారేళ్ళ లోపు పిల్లలతో గైడెడ్ వాక్ వద్దు, వాళ్ళకీ విసుగు, పక్కవాళ్ళకీ విసుగు, పిల్లలతో అయితే విడిగా వెళ్ళి వాగు దగ్గర రాళ్ళు వేయించుకుని వచ్చేయండి. ట్రైల్ మధ్యలో రెస్ట్‌రూమ్ ఉండదు, పెద్దవాళ్ళుంటే పార్కింగ్ దగ్గరే పని కానిచ్చుకుని బయల్దేరాలి. షుగర్ ఉన్నవాళ్ళకి ఏదైనా జేబులో పెట్టుకోండి, గైడ్ స్పీడ్ తెలుసుగా.

ఇంకో మాట, మన వాళ్ళనే అంటున్నా, ఏమీ అనుకోకండి. ఆ రోజు ట్రైల్ మీద కనీసం మూడు ఫోటోషూట్‌లు జరుగుతున్నాయి, అందులో ఒకటి పక్కా సీమంతం ఫోటోషూట్, పట్టుచీర, పూలజడ, ఫోటోగ్రాఫర్ ఆ అమ్మాయిని బ్లూబెల్స్ మధ్యలో కూర్చోబెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ పూలన్నీ తొక్కేస్తున్నాడు. మెత్తటి కాడలు, ఒకసారి విరిగితే ఆ ఏడాదికి అంతే, మళ్ళీ ఆకు వేయడానికి దానికి టైమ్ ఉండదు. గైడ్ వెళ్ళి మర్యాదగానే చెప్పారు, ఫోటోగ్రాఫర్ ఓకే ఓకే అని మేం దాటగానే మళ్ళీ దిగాడు. ట్రైల్ మీద నిలబడి తీసినా వెనకంతా నీలమే పడుతుంది, లెన్స్ కిందకి దించితే చాలు, అంత దానికి పూలలో దొర్లక్కర్లేదు.

గైడ్ అవసరమా, ట్రైల్ గైడ్ లేకపోయినా తెరిచే ఉంటుంది కదా అని మా ఫ్రెండ్ అడిగింది. తను తర్వాతి శనివారం విడిగా వెళ్ళొచ్చింది, నలభై నిమిషాల్లో చుట్టేసింది, బాగుంది, నీలంగా ఉంది, అంది. స్ప్రింగ్ బ్యూటీ చూశావా అంటే లేదు, జాక్ చూశావా అంటే లేదు. నీలం చూడ్డానికి గైడ్ అక్కర్లేదు. మిగతావాటికి కావాలి, ముఖ్యంగా మొదటిసారికి, ఎందుకంటే వీటిలో చాలా పూలు చీలమండ ఎత్తులో ఉంటాయి, మన కళ్ళకి ఆ ఎత్తులో వెతికే అలవాటు లేదు. వాషింగ్టన్ డీసీలో టైడల్ బేసిన్ చెర్రీలతో పోల్చేవాళ్ళకి ఒక మాట, అవి 1912లో టోక్యో నుంచి కానుకగా వచ్చిన 3,020 చెట్లతో మొదలైనవి, మనుషులు వరసగా నాటి పెంచుతున్నవి, అందంగానే ఉంటాయి, పార్కింగ్ దొరక్క రెండు గంటలు తిరిగినా పర్లేదు అనిపించేంత. ఇక్కడ ఎవరూ నాటలేదు. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది, మా ఆయన ఓటు ఇప్పటికీ చెర్రీలకే, షూ కారణంగా అని నా అనుమానం.

వెళ్ళేవాళ్ళకి: ఏప్రిల్ రెండో వారం, మూడో వారం బెస్ట్, ఏడాదిని బట్టి అటూ ఇటూ అవుతుంది. వీకెండ్ అయితే పొద్దున్నే, వీలైతే వీక్‌డే. ఫుల్ ప్యాంట్, ప్యాంట్ కొసలు సాక్సులోకి దోపేయండి, చూడ్డానికి బాగోకపోయినా సరే, అక్కడ జింకలు ఎక్కువ, జింకలుంటే టిక్స్ (మన పిడుదులు) ఉంటాయి, అవి కుడితే వచ్చే లైమ్ డిసీజ్ సరదా విషయం కాదు. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాలి వెనక, చెవుల వెనక, నడుము దగ్గర చూసుకోవాలి, పెద్దవాళ్ళకి మనం చూడాలి, వాళ్ళకి ఆవగింజంత పురుగు కనపడదు. చెట్లకి వెంట్రుకల తాడులా పాకిన తీగ కనిపిస్తే పట్టుకోవద్దు, నిగనిగలాడే ఎర్రటి మూడేసి ఆకులు కనిపించినా ముట్టుకోవద్దు, పాయిజన్ ఐవీ, దాని దురద ముందు కంద దురద ఎందుకూ పనికిరాదు. పూలు కోయడం ఎలాగూ నిషేధమే, అమ్మలకి దేవుడి పటం గుర్తొస్తుంది కాబట్టి కార్లోనే ఒకసారి చెప్పేయండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటీ పార్కింగ్ మెయిల్‌కీ గుంపు సైజుకీ కోశా. ఏప్రిల్ మిస్ అయిపోతే మే మొదట్లో లిండెన్ దగ్గర జి. రిచర్డ్ థాంప్సన్ వైల్డ్‌లైఫ్ ఏరియాలో ట్రిలియమ్స్ పూస్తాయి, కొండ వాలు అంతా తెల్లగా, పూలు పాతబడే కొద్దీ గులాబీలోకి తిరుగుతాయి. అది ఎక్కుడు దిగుడు ఉన్న చోటు, మోకాళ్ళ వాళ్ళకి కష్టం. వేట, చేపల లైసెన్స్ లేనివాళ్ళు స్టేట్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో యాక్సెస్ పర్మిట్ ముందే కొనుక్కుని ఫోన్లో పెట్టుకోవాలి, కొండ మీద సిగ్నల్‌ని నమ్ముకుని వెళ్ళొద్దు.